మందులకు లొంగని టీబీ: ల్యాబ్ పాఠాలు – 4
చెకర్‌బోర్డ్ ప్లేటు చదవడం

పోయిన పాఠంలో ఒక్కో మందుకు ఎంఐసీ, అంటే బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మోతాదు, కనుక్కోవడం చూశాం. ఈసారి రెండు మందుల్ని ఒకే ప్లేటులో చదరంగం గళ్లలా పెడదాం, అదే చెకర్‌బోర్డ్. మొండి టీబీ బ్యాక్టీరియాతో ఈ పని బీఎస్ఎల్-3 (ప్రమాదకర సూక్ష్మజీవుల కోసం కట్టుదిట్టమైన భద్రత ఉండే) ల్యాబులో తప్ప చేయకూడదు. చేయి తిరగడానికి టీబీ బ్యాక్టీరియాకు చుట్టమైన మైకోబ్యాక్టీరియం స్మెగ్మాటిస్ సరిపోతుంది, పైగా రెండు మూడు రోజుల్లోనే పెరుగుతుంది.

96 గుంటల ప్లేటులో అంచు గుంటలన్నిట్లో స్టెరైల్ నీళ్లు పోయండి. టీబీ ప్లేటు 37 డిగ్రీల దగ్గర వారం ఉండాలి, అంచుల్లో మీడియా (బ్యాక్టీరియా పెరిగే పోషక ద్రవం) ఆవిరైపోతుంది. లోపల 6 అడ్డు వరసలు, 10 నిలువు వరసలు మిగులుతాయి. అడ్డంగా రిఫాంపిసిన్ (టీబీకి వాడే ముఖ్యమైన మందు), నిలువుగా రెండో మందు, గుంట గుంటకూ సగం చేసుకుంటూ పోవాలి. చివరి నిలువు వరసలో రిఫాంపిసిన్ ఉండదు, చివరి అడ్డు వరసలో రెండో మందు ఉండదు. ఆ మూల గుంటలో బ్యాక్టీరియా ఒక్కటే. అక్కడే పెరగలేదంటే ఆ ప్లేటును లెక్కలోకి తీసుకోవద్దు.

వారం తర్వాత రెసాజురిన్ అనే నీలం రంగు వేసి మర్నాడు చూడండి. బ్యాక్టీరియా పెరిగిన చోట నీలం గులాబీ అవుతుంది. ఊదా గుంటలతోనే అసలు టెన్షన్: ఒకరు నీలమంటారు, ఇంకొకరు గులాబీ అంటారు. నేనైతే ఊదాను పెరిగినట్టే లెక్కేస్తాను. మీరు ఏది పాటించినా ప్లేటు చూడకముందే రాసిపెట్టుకోండి.

ఇక లెక్క. రిఫాంపిసిన్ ఎంఐసీ ఒంటరిగా 64, జతలో 16 అనుకుందాం (మిల్లీలీటరుకు మైక్రోగ్రాముల్లో): 16/64 = 0.25. రెండో మందు ఒంటరిగా 8, జతలో 1: 0.125. కలిపితే 0.375. ఇదే ఎఫ్ఐసీ సూచిక, అంటే రెండు మందులకూ జతలో ఎంఐసీని ఒంటరి ఎంఐసీతో భాగించి కలిపిన మొత్తం. 0.5 లేదా అంతకన్నా తక్కువైతే సినర్జీ, అంటే రెండూ ఒకదానికొకటి బలం ఇస్తున్నట్టు; 4 దాటితే ఒకదానికొకటి అడ్డుపడుతున్నట్టు. 0.7 వచ్చిందని సంబరపడొద్దు. ఒక గుంట అటూ ఇటూ కావడం ఈ పద్ధతిలో మామూలే.

0.375 చూడ్డానికి బాగానే ఉంది. కానీ 600 మిల్లీగ్రాముల రిఫాంపిసిన్ వేసుకుంటే రక్తంలో గరిష్ఠంగా చేరేది సుమారు 8 నుంచి 24. అందులో 80 శాతం దాకా ప్రోటీన్లకు అతుక్కునే ఉంటుంది. అంటే జతలో వచ్చిన 16 కూడా రోగి ఒంట్లో అందేది కాదు. మొండి బ్యాక్టీరియాతో పనిచేసేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. సూచిక పక్కన జతలో వచ్చిన ఎంఐసీ కూడా రాయని పట్టికను నేను నమ్మను.

ఇంకో చిక్కు: 64 దగ్గర కూడా గులాబీయే అయితే ఎంఐసీ ‘64 కన్నా ఎక్కువ’. దాన్ని 128 అనుకుని లెక్క కట్టేవాళ్లున్నారు. అంతకన్నా మోతాదులు పెంచి ప్లేటు మళ్లీ పెట్టడం మేలు.

అభ్యాసం: ఒంటరిగా మొదటి మందు ఎంఐసీ 2, రెండోది 4. గులాబీ గుంటల పక్కనే నీలంగా ఉన్న సరిహద్దు గుంటలు మూడు (ముందు మొదటి మందు, తర్వాత రెండోది): (1, 0.5), (0.5, 1), (0.25, 2). మూడింటికీ సూచిక కట్టండి. ఏది రిపోర్టులో రాస్తారో, ఎందుకో రెండు వాక్యాల్లో రాసుకుని ఐదో పాఠానికి రండి.