కటోవర్‌కు ముందు బీఏ చూసుకోవాల్సినవి

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అప్పటిదాకా వాయిదా వేస్తూ వచ్చిన ఆఫీసులు ల్యాప్‌టాప్‌లు, ఆఫీస్ వెర్షన్, షేర్డ్ డ్రైవ్ అన్నీ ఒకేసారి మార్చబోతాయి. అందులో మీరు బీఏ (బిజినెస్ అనలిస్ట్, అంటే పనిచేసేవాళ్లకు ఏం కావాలో తెలుసుకుని ఐటీ వాళ్లకు రాసిచ్చేవారు) అయితే కటోవర్‌కు, అంటే పాతది ఆపి కొత్తదానికి మారే రోజుకు, నెల ముందే మేలుకోండి.

మేనేజర్ చెప్పిన ప్రాసెస్‌నే నమ్ముకుని రిక్వైర్‌మెంట్స్ రాయకండి. పని చేసే మనిషి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి, అదీ నెలాఖరులో. మిగతా రోజుల్లో కనిపించని ఫైళ్లు అప్పుడే బయటపడతాయి. ఒకసారి అకౌంట్స్‌లో ఒకావిడ మానిటర్ అంచున పసుపు చీటీ చూశాను: "ముందు రేట్ల ఫైలు తెరవాలి." ఎందుకండీ అంటే, "లేకపోతే అంతా రెఫ్ ఎర్రర్లేనండీ" అన్నారు. తీరా చూస్తే ఇండైరెక్ట్ ఫార్ములాలు, వేరే ఫైల్లోంచి అంకెలు లాక్కునేవి. అవతలి ఫైలు తెరిచి ఉంటేనే పనిచేస్తాయవి. బ్రౌజర్‌లో నడిచే ఎక్సెల్‌లో అది కుదరదు, మేమేమో ఆ టీమ్‌కి అదే చాలని అప్పటికే రాసేశాం! ఆ చీటీలో ఉన్న ముక్క మా డాక్యుమెంట్ నలభై పేజీల్లో ఎక్కడా లేదు.

మ్యాక్రోలు, అంటే ఎక్సెల్ లాంటివాటిలో పని దానంతటదే జరిగేలా రాసుకున్న చిన్న ప్రోగ్రాములు, ఎవరి దగ్గర ఉన్నాయో జాబితా తీయండి. 32-బిట్ ఆఫీస్‌లో రాసిన వీబీఏలో (మ్యాక్రోలు రాసే భాష) విండోస్‌ను నేరుగా పిలిచే ఏపీఐ డిక్లేర్ లైన్లుంటే, పీటీఆర్‌సేఫ్ అనే మాట చేర్చందే 64-బిట్ ఆఫీస్‌లో కంపైల్ కావు, అంటే నడవవు. రాసినవాళ్లు ఎప్పుడో మానేసి ఉంటారు, అదే అసలు చిక్కు. ఫైళ్లను షేర్‌పాయింట్‌కి (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజీ) తరలిస్తుంటే ఫోల్డర్ల పేర్లతో కలిపి పాత్, అంటే ఫైలు పూర్తి చిరునామా, 400 అక్షరాలు దాటకూడదు.

డేటా తరలాక రెండువైపులా వరుసలు లెక్కపెట్టించండి. 2020లో ఇంగ్లండ్‌లో 15,841 కొవిడ్ కేసులు రోజువారీ లెక్కలో చేరకుండా పోయాయి. పాత ఎక్సెల్ రకమైన ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైల్లో, ఒక షీటులో 65,536 వరుసలకు మించి పట్టవు, మిగిలినవి చప్పుడు లేకుండా జారిపోయాయి. ఎర్రర్ రాలేదు కాబట్టి అంతా వచ్చేసిందనుకోకండి.

యూఏటీలో (వాడేవాళ్లే కొత్తదాన్ని పరీక్షించి చూసే దశ) "ఓకే" అని మెయిల్ వస్తే సైన్‌ఆఫ్‌గా, అంటే తుది ఆమోదంగా, తీసుకోవద్దు. ఎవరు, ఏ నిజమైన ఫైలుతో, ఏం చేసి చూశారో రాయించుకోండి. కటోవర్ బెడిసికొడితే పాతదానికి వెనక్కి వెళ్లాలా వద్దా అన్నది ఎవరు, ఎన్ని గంటలకల్లా తేల్చాలో కూడా ముందే కాగితం మీదికి రావాలి. అర్ధరాత్రి కాల్‌లో ఆ బాధ్యత ఎవరూ నెత్తినేసుకోరు.

పాత డ్రైవ్‌ని కనీసం ఒక నెలాఖరు దాటేదాకా రీడ్-ఓన్లీలో (చూడ్డానికే తప్ప మార్చడానికి వీల్లేకుండా) ఉంచమనండి. ఖర్చు అని ఇన్‌ఫ్రా వాళ్లు (సర్వర్లు చూసుకునే టీమ్) గొణుగుతారు, గొణగనివ్వండి.