పీబీఐ121తో పొగాకులోకి జన్యువు: ఎక్కడ ఆగింది?

ఆగ్రోబాక్టీరియం అనే మట్టి బాక్టీరియా ద్వారా పొగాకు ఆకు ముక్కల్లోకి జన్యువును చేర్చేటప్పుడు వచ్చే చిక్కులు, వాటి విరుగుళ్లు ఇవి. ముందుగా పీబీఐ121 వెక్టర్ (జన్యువును మోసే డీఎన్‌ఏ) అమరిక చూడండి. టీ-డీఎన్‌ఏలో, అంటే బాక్టీరియా మొక్కలోకి పంపే భాగంలో, కుడి సరిహద్దు పక్కన కనమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే శక్తినిచ్చే ఎన్‌పీటీ2 జన్యువు, తరువాత 35ఎస్ ప్రమోటర్‌తో (జన్యువును పలికించే భాగం) గస్ జన్యువు, ఆ చివర ఎడమ సరిహద్దు. గస్ తయారుచేసే ఎంజైము రంగు పరీక్షలో నీలం ఇస్తుంది. కింది చిక్కుల్లో ఒకదానికి మూలం ఈ వరుసలోనే ఉంది.

సమస్య: వెక్టర్‌ను పెంచే ఈ.కోలై బాక్టీరియా నుంచి ప్లాస్మిడ్ (వలయాకార వెక్టర్ డీఎన్‌ఏ) చాలా తక్కువగా వస్తోంది.
ఈ వెక్టర్ ఒక్కో కణంలో కొద్ది ప్రతులే ఉంటుంది. కిట్‌ను తిట్టి లాభం లేదు, ఎక్కువ కల్చర్ తీసుకోండి.

సమస్య: ఆగ్రోబాక్టీరియం కాలనీలు రాలేదు.
ప్లేటును 28 డిగ్రీల వద్దే ఉంచి, మూడు రోజులు ఆగండి. ఈ.కోలై అలవాటు కొద్దీ 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెడితే పని చెడుతుంది.

సమస్య: రంగు పరీక్షలో ఆకు ముక్కలన్నీ నీలంగా మారాయి.
సంబరపడే ముందు ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టండి. కోసిన అంచు వెంట నీలం పూతలా పరుచుకుని, చుట్టూ ద్రవం కూడా నీలి ఛాయకు తిరిగితే అనుమానించాల్సింది బాక్టీరియానే. పీబీఐ121లోని గస్ జన్యువులో ఇంట్రాన్ (ప్రొటీన్ తయారీకి ముందు కత్తిరించి తీసేయాల్సిన మధ్య భాగం) లేదు కాబట్టి ఆగ్రోబాక్టీరియం కూడా ఆ ఎంజైమును కొంత తయారుచేయగలదు. అదే బాక్టీరియా కల్చర్‌ను విడిగా రంగు ద్రావణంలో వేసి చూస్తే తేలిపోతుంది. శాశ్వత పరిష్కారం ఇంట్రాన్ ఉన్న గస్. పీక్యాంబియా1301 అనే మరో వెక్టర్‌లో అది ఉంది. బాక్టీరియా ఆ ఇంట్రాన్‌ను కత్తిరించి మిగతా భాగాలను కలపజాలదు, మొక్క కణం కలపగలదు. అయితే పీక్యాంబియా1301లో మొక్కల ఎంపికకు వాడేది హైగ్రోమైసిన్, కనమైసిన్ కాదు. వెక్టర్ మార్చినవారు మీడియం మార్చడం మరిచిపోవడం మామూలే.

సమస్య: కనమైసిన్‌పై మొలకలు బాగున్నాయి, గస్ మాత్రం లేదు.
టీ-డీఎన్‌ఏ బదిలీ కుడి సరిహద్దు నుంచి మొదలవుతుంది. దారిలో తెగిపోతే ఎన్‌పీటీ2 చేరుతుంది, ఎడమవైపున్నది చేరదు. ఎడమ సరిహద్దు దగ్గర ప్రైమర్లతో (వెతికే చోటును గుర్తించే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) పీసీఆర్, అంటే ఆ భాగాన్ని రెట్టించి చూసే పరీక్ష, చేయండి. జన్యువు పూర్తిగా ఉండీ పలకకపోతే, ఎక్కువ ప్రతులు చేరి మూగబోయి ఉండవచ్చు. మొక్క డీఎన్‌ఏలో జన్యువు ఎన్నిచోట్ల చేరిందో చూపే సదరన్ బ్లాట్ చూసి ఒకే ప్రతి ఉన్న మొక్కను ఎంచుకోండి. ఇక పాలిపోయిన మొలకలను కనమైసిన్ ఉన్న మీడియంలో వేళ్లు పట్టించి చూడండి. వేరు పట్టనిది చాలావరకు జన్యువు చేరకుండానే ఎంపికను తప్పించుకు వచ్చినదే.

సమస్య: పీసీఆర్‌లో గీత వచ్చింది, సదరన్‌లో లేదు.
కణజాలంలో బాక్టీరియా మిగిలి ఉండవచ్చు. బదిలీని నడిపే బాక్టీరియా విర్ జన్యువు ప్రైమర్లతో మరో పీసీఆర్ చేయండి. ఆ జన్యువులు టీ-డీఎన్‌ఏలో ఉండవు కాబట్టి, గీత వస్తే అది బాక్టీరియాదే. బాక్టీరియాను చంపే సెఫోటాక్సిమ్ ఉన్న కొత్త మీడియానికి మార్చి, కొత్త ఆకు వచ్చాక మళ్లీ పరీక్షించండి.

సమస్య: అసలు ఏమీ చేరలేదు.
ఆకు ముక్కలను, బాక్టీరియాను కలిపి ఉంచిన గది ఉష్ణోగ్రత అడగండి. 28 డిగ్రీలు దాటితే బదిలీ యంత్రాంగం దెబ్బతింటుంది. 22 నుంచి 25 మధ్య ఉంచాలి. మే నెలలో రాత్రి కరెంటు పోయే ప్రయోగశాలల్లో మొదట చూడాల్సింది ఇదే. తరువాత మీడియం పీహెచ్ 5.5 దగ్గరుందో లేదో చూసి, విర్ జన్యువులను మేల్కొలిపే అసిటోసిరింగోన్‌ను 100 మైక్రోమోలార్ మేర కలపండి.