ప్రధాని ప్రసంగంలో మనకు దక్కేదెంతో తేల్చుకోవడం ఎలా?

ప్రధాని సభ కర్నూలులో జరిగితే సాయంత్రానికల్లా కడప, అనంతపురం వాట్సాప్ గ్రూపులు నిండిపోతాయి. ఒకరు సీమ దశ తిరిగిపోయిందంటారు, ఇంకొకరు అంతా ఉత్తుత్తిదే అంటారు. ఇద్దరిలో ఎవరూ ప్రసంగం పూర్తిగా విని ఉండరు. అధికారంలో ఏ పార్టీ ఉన్నా, ఆ మాటల్లో గట్టిదేదో, చప్పట్ల కోసం అన్నదేదో ఎవరికి వాళ్ళే తేల్చుకోవచ్చు. ఒక ఫోను, ఒక తెల్లకాగితం, అరగంట తీరిక ఉంటే చాలు.

1. క్లిప్పు పక్కన పెట్టి పూర్తి పాఠం తీసుకోండి

అరనిమిషం వీడియోలో ముందు మాటా ఉండదు, వెనక మాటా ఉండదు. ప్రధాని ప్రసంగాలను ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో, అంటే పీఐబీ, తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. ముఖ్యమైనవి చాలావరకు తెలుగులోనూ దొరుకుతాయి. విదేశీ పర్యటనల ప్రకటనలు విదేశాంగ శాఖ సైట్లో, పార్లమెంటులో అన్నవి సంసద్ సైట్లో ఉంటాయి.

అనువాదం చదివేటప్పుడు ఒక జాగ్రత్త. అసలు ప్రసంగం హిందీలో సాగిందని, ఇది దానికి దగ్గరగా ఉన్న అనువాదమని అక్కడే ఒక లైను కనిపిస్తుంది. గొడవంతా ఒక్క మాట మీదే నడుస్తుంటే యూట్యూబ్‌లో హిందీ వినేయండి. కడప, కర్నూలు వాళ్ళ చెవిన ఉర్దూ పడుతూనే ఉంటుంది కాబట్టి పెద్ద కష్టమేం కాదు.

2. ఆ మాట ఎక్కడ అన్నారో, ఎక్కడికి ఎక్కిందో చూడండి

ఎన్నికల సభలో ఇచ్చిన హామీకి అడిగే దిక్కు ఉండదు. రేడియోలో వచ్చే మన్ కీ బాత్‌ది వేరే తీరు, అందులో నిధుల లెక్కలు వెతకడం దండగ. పార్లమెంటులో అన్నదానికి బరువు ఎక్కువే. కానీ అదీ ఎంతవరకో ఆంధ్రుల కన్నా ఎవరికి బాగా తెలుసు? 2014 ఫిబ్రవరి 20న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ళ ప్రత్యేక హోదా అని రాజ్యసభలో నిలబడి ప్రకటించారు. విభజన చట్టంలోకి మాత్రం ఆ హామీ ఎక్కలేదు. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, హోదా రాలేదు.

చట్టంలోకి ఎక్కినా సంబరపడిపోకూడదు. కడప ఉక్కు సంగతే చూడండి. విభజన చట్టం 13వ షెడ్యూల్లో వైఎస్సార్ జిల్లా ఉక్కు ఫ్యాక్టరీ ప్రస్తావన ఉంది. ఏమని ఉంది? ఫ్యాక్టరీ పెట్టడం కుదురుతుందో లేదో ఆరు నెలల్లోగా కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ పరిశీలించాలని. కట్టి తీరాలని లేదు. పరిశీలించి కుదరదని తేల్చినా ఆ లైను ప్రకారం పని అయిపోయినట్టే. చట్టంలో ఉంది కదా అని ఏడురోడ్ల సెంటర్లో టీ తాగుతూ ఏళ్ళ తరబడి వాదించినవాళ్ళలో ఎంతమంది ఆ లైను చదివారో నాకు అనుమానమే.

3. పెద్ద అంకెను ముక్కలు చేయండి

అసలు పని ఇక్కడుంది, తొందరపడకండి. 2025 అక్టోబర్ 16న ప్రధాని నరేంద్ర మోదీ శ్రీశైలం దర్శనం చేసుకుని, కర్నూలు దగ్గర నన్నూరు సభకు వచ్చారు. సుమారు 13,430 కోట్ల రూపాయల పనులని అన్ని పేపర్లలో హెడ్డింగులు వచ్చాయి. పీఐబీ నోట్ ముందు పెట్టుకుని కాగితం మీద మూడు గడులు గీయండి. శంకుస్థాపన, ప్రారంభోత్సవం, జాతికి అంకితం. శంకుస్థాపన అంటే పని ఇంకా మొదలు కావాలి. మిగతా రెండింటికీ అర్థం, పని ఎప్పుడో మొదలై ఇప్పుడు పూర్తయిందని. ఈ మూడింటినీ కలిపేసి ఒకే మొత్తం చెబుతారు. విన్నవాళ్ళకు అంతా కొత్త డబ్బులాగే వినిపిస్తుంది.

తర్వాత ఒక్కో పని పక్కన ఊరి పేరు రాయండి. సభ కర్నూలులో అయినంత మాత్రాన పనులన్నీ కర్నూలువి కావు. కృష్ణా జిల్లా నిమ్మలూరులో రక్షణ పరికరాలు చేసే బీఈఎల్ ఫ్యాక్టరీ, చిత్తూరులో గ్యాస్ సిలిండర్లు నింపే ప్లాంటు, ఉత్తరాంధ్ర రోడ్లు, రైలు పనులు అన్నీ ఆ మొత్తంలోనే ఉన్నాయి. మన వైపు పెద్ద పద్దులు రెండు. ఒకటి కర్నూలు-3 పూలింగ్ స్టేషన్, అంటే చుట్టుపక్కల తయారైన కరెంటును ఒకచోట చేర్చే కేంద్రం, దాని దగ్గర కరెంటు సరఫరా వ్యవస్థ, 2,880 కోట్లకు పైన. ఇందులో చిలకలూరిపేట దాకా వేసే 765 కేవీ లైను కూడా కలిసే ఉంది. రెండోది ఓర్వకల్లు, కొప్పర్తి పారిశ్రామిక వాడలు, రెండూ కలిపి 4,920 కోట్లకు పైన.

ఇప్పుడు ఆ రెండో పద్దు పట్టుకుని వెనక్కి వెళ్ళండి. 2024 జులై 23 బడ్జెట్ ప్రసంగంలో ఓర్వకల్లు, కొప్పర్తిలకు నీళ్ళు, కరెంటు, రోడ్లు, రైలు వసతులకు నిధులిస్తామని నిర్మలా సీతారామన్ చెప్పారు. 2024 ఆగస్టు 28న కేంద్ర కేబినెట్ 12 పారిశ్రామిక నగరాలకు ఆమోదం తెలిపింది. వాటిలో ఓర్వకల్లుకు 2,786 కోట్లు, కొప్పర్తికి 2,137 కోట్లు. కూడి చూడండి, 4,923 కోట్లు వస్తుంది. నన్నూరు సభలో చెప్పింది ఈ డబ్బు గురించే. ఒకే పని బడ్జెట్‌లో ఒకసారి, కేబినెట్‌లో ఒకసారి, శంకుస్థాపనలో ఒకసారి వార్త అయింది. మూడుసార్లు చప్పట్లు కొట్టినా, మూడుసార్లు తిట్టినా డబ్బు మాత్రం ఒక్కటే.

ఇందులో మోసమేమీ లేదు, సర్కారు పని అంచెలంచెలుగానే నడుస్తుంది. ఏ అంచెలో ఉందో మనకు తెలియాలి, అంతే. కేబినెట్ ఆమోదం దాటిన పని బడ్జెట్ మాట కన్నా గట్టిది. పెట్టుబడులు, ఉద్యోగాలు ఇన్ని వస్తాయని చెప్పే అంకెలను వేరే మూల రాసుకోండి. అవి అంచనాలు, వాటికి కేబినెట్ సంతకం ఉండదు.

4. విదేశీ ప్రకటనలో సంతకాలు ముందు చూడండి

దౌత్యం మాటలు మెత్తగా ఉంటాయి, వాటితో తల బద్దలు కొట్టుకోకండి. రాజంపేట, రాయచోటి వైపు ఇళ్ళకు కువైట్ అంటే దాదాపు పక్క ఊరే. 2024 డిసెంబర్ 21, 22 తేదీల్లో మోదీ అక్కడికి వెళ్ళొచ్చారు. 1981లో ఇందిరాగాంధీ తర్వాత భారత ప్రధాని ఒకరు కువైట్ వెళ్ళడం అదే మొదటిసారి. కొడుకు అక్కడ ఒక ఇంట్లో డ్రైవరుగా ఉన్న ఒకావిడ మా వీధిలో నన్నడిగింది: "అన్నా, మోదీ పోయొచ్చినాడు గదా, మావోని అకామా సంగతి ఏమన్నా తేల్చినారా?"

అకామా అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే నివాస అనుమతి. ఆవిడ ప్రశ్నకు జవాబు విదేశాంగ శాఖ సైట్లో ఉంటుంది. పర్యటన పేజీలో ఒప్పందాల జాబితా తెరవండి. రక్షణ సహకారం, సాంస్కృతిక మార్పిడి, క్రీడలు, అంతర్జాతీయ సౌర కూటమిలో కువైట్ చేరిక. అకామా ఊసు అందులో లేదు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ గురించి రెండు దేశాల మధ్య ఒప్పందం 2021 జూన్‌లోనే కుదిరింది, ఆవిడ కొడుకు లాంటివాళ్ళు చూసుకోవాల్సింది దాన్ని.

ఉమ్మడి ప్రకటనలో ప్రతి వాక్యం ఎవరి పేరుతో మొదలైందో కూడా గమనించండి. "ఉభయ పక్షాలు అంగీకరించాయి" అని ఉంటే ఇద్దరి మాట. "భారత పక్షం కోరింది" అని ఉంటే మనం అడిగాం, అవతలివాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు.

యుద్ధాల విషయంలో ప్రకటనతో పాటు ఐక్యరాజ్యసమితి ఓటు చూడాలి. ఇది యుద్ధాల యుగం కాదని 2022 సెప్టెంబర్‌లో సమర్‌ఖండ్‌లో పుతిన్ ముఖం మీదే మోదీ అన్నారు. అదే ఏడాది మార్చి 2న రష్యా దాడిని తప్పుబట్టిన సర్వసభ్య సమావేశం తీర్మానంపై భారత్ ఓటేయకుండా తటస్థంగా ఉంది. రెండూ పక్కపక్కన పెడితేనే మన వైఖరి అర్థమవుతుంది. ఒక్కటే పట్టుకుంటే ఏ పార్టీ వాడికి కావలసిన అర్థం వాడికి దొరుకుతుంది.

5. వెంటపడండి

మంత్రి పార్లమెంటులో "పరిశీలిస్తున్నాం", "సమాచారం సేకరిస్తున్నాం" అన్నా అది హామీ కిందే లెక్క. ఉభయ సభల్లోనూ ప్రభుత్వ హామీల కమిటీలు ఉన్నాయి, మామూలుగా మూడు నెలల్లో నెరవేర్చాలి. గడువు పెంచమని అడుగుతూనే ఉంటారనుకోండి. సంసద్ సైట్లో మీ ఊరి పేరు కొట్టి ప్రశ్నోత్తరాలు వెతికితే శాఖ రాతపూర్వకంగా ఇచ్చిన జవాబు దొరుకుతుంది, ప్రసంగం కన్నా అది నమ్మదగింది.

అక్కడా దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. కేంద్ర శాఖలకు ఆన్‌లైన్‌లో 10 రూపాయలతో పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. కొప్పర్తి, ఓర్వకల్లు గురించైతే వాణిజ్య శాఖ కింద పరిశ్రమల ప్రోత్సాహం చూసే విభాగం డీపీఐఐటీని అడగాలి. ఎందుకు ఆలస్యమైందని అడిగితే తప్పించుకుంటారు, కారణాలు చెప్పడం మా పని కాదంటారు. టెండరు పిలిచిన తేదీ, వర్క్ ఆర్డర్ నకలు, ఇప్పటిదాకా విడుదలైన మొత్తం అని కాగితాలు అడగండి.