కుక్కకి బయట ట్రైనింగా? ముందు ఇవి చూసుకోండి

ఇంట్లో పిలవగానే చూసే కుక్కకి గేటు దాటగానే చెవుడు వచ్చేస్తుందా? బయట ట్రైనింగ్ మొదలుపెట్టే ముందు ఈ నాలుగు విషయాలు, అంటే నాలుగు కాదులెండి, కాస్త ఎక్కువే:

– పేరు పిలిచి తిట్టొద్దు. అన్నిటికంటే నష్టం చేసే తప్పు ఇదే. పేరు వినపడితే తిట్లో, స్నానమో, ఆట బందో అని ఒకసారి దాని బుర్రలో పడితే ఆ పేరుకి తల తిప్పడమే మానేస్తుంది, మళ్ళీ దారికి తేవడం మొదట నేర్పడం కంటే కష్టం.

– ట్రీట్‌లో, అంటే బహుమతిగా పెట్టే తిండిలో, ఏముందో చదవండి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, జైలిటాల్ (చక్కెరకి బదులు వాడే తీపి పదార్థం) కుక్కలకి విషం.

– ఇంకో కుక్క కనపడగానే నోరు మూసి, చెవులు ముందుకు పెట్టి, ఒళ్ళు బిగబట్టి, ముక్కు దగ్గర పెట్టిన ట్రీట్ ముక్కని కూడా పట్టించుకోలేదంటే అది మొండితనం కాదు, మీరే మరీ దగ్గరికి వెళ్ళారు. అది తినగలిగే దూరం దాకా వెనక్కి రండి.

– ముక్కలు చిటికెన వేలి గోరంతే. కడుపు నిండాక మీతో పనేముంది?

– అవి చేతికందేలా ఉండాలి. మీ వైపు చూసిన వెంటనే ఇవ్వాలి, జిప్పు తీసేలోపు అది పిట్టని చూస్తుంది, బహుమతి పిట్టని చూసినందుకే అనుకుంటుంది.

– పొడుగు తాడు హార్నెస్‌కే (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీకే) కట్టండి, మెడపట్టీకి కాదు. పరుగెత్తి ఒక్కసారిగా ఆగితే దెబ్బ మెడకి.

– 3 నుంచి 5 నిమిషాలు చాలు, ఇంకా ఉత్సాహం ఉండగానే ఆపేయండి.