లోడుతో పికప్ బండి లాగకపోతే లోపం ఎక్కడ వెతకాలి

ఖాళీగా ఉన్నప్పుడు చక్కగా పరుగెత్తే డీజిల్ పికప్, లోడు వేసుకుని దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేసరికి మూడో గేరులో కూడా నీరసపడిపోతే, చాలామంది అనుమానం ముందుగా పంపు మీదికి, ఇంజెక్టర్ల మీదికి పోతుంది. అన్నిటికంటే ఖరీదైన పని అదే కనుక దాన్ని చివరికి ఉంచుకోవాలి. ముందు తేల్చుకోవలసింది వేరు: ఇంజనే శక్తి ఇవ్వడం లేదా, ఇచ్చిన శక్తి చక్రాలకు చేరడం లేదా, చేరినా చక్రాలను ఏదైనా పట్టి ఉంచుతోందా.

ఇంజన్ మోత పెరిగినా వేగం పెరగకపోతే

ఇది క్లచ్ జారడం. ఎక్కుడులో కాలిన వాసన కూడా వస్తుంది. చదునైన చోట చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, నాలుగో గేరు వేసి క్లచ్ నెమ్మదిగా వదిలితే ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూ ఉంటే ప్లేటు అరిగిందన్నమాట. ఈ పరీక్ష ఒక్కసారి చేస్తే చాలు, పదేపదే చేస్తే మిగిలిన ప్లేటు కూడా కాలిపోతుంది. కేబుల్ క్లచ్ ఉన్న బండ్లలో మాత్రం, గేరుబాక్సు దించే ముందు పెడల్ ఫ్రీ ప్లే (క్లచ్ పట్టు మొదలయ్యేలోపు పెడల్ ఖాళీగా కదిలే దూరం) సరిచూడాలి.

బండిని ఎవరో వెనక్కి లాగుతున్నట్లుంటే

పది కిలోమీటర్లు నడిపి ఆపి, ఒక్కొక్క చక్రం దగ్గర చెయ్యి తాకించకుండా పెట్టి చూస్తే, బ్రేక్ పట్టేసిన చక్రం వేడి మిగతావాటికంటే స్పష్టంగా తెలుస్తుంది. వేడి చల్లారాక దాన్ని జాకీ మీద లేపి, తిరగకపోతే ఆ చక్రం బ్లీడింగ్ నిపుల్ (బ్రేక్ ఆయిల్‌లోని గాలి తీసే చిన్న మర) కొద్దిగా వదులు చేయాలి. వెంటనే చక్రం తిరిగితే ఒత్తిడి లోపల నిలిచిపోయిందని అర్థం. లోపల ఉబ్బిన బ్రేక్ హోస్ పైపు ఆయిల్‌ను వెనక్కి రానివ్వకపోవడం దీనికి తరచుగా కనిపించే కారణం. నిపుల్ వదులు చేసినా తిరగకపోతే తుప్పు పట్టిన హ్యాండ్ బ్రేక్ కేబుల్, బిగిసిన వీల్ సిలిండర్, బేరింగ్ చూడాలి. పని అయ్యాక బ్రేకుల్లో గాలి తీయకుండా బండి కదిలించకూడదు.

నల్లపొగ కక్కుతుంటే

డీజిల్‌కు తగినంత గాలి అందడం లేదు. వరికోతల కాలంలో పొలాల్లో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ గడువుకంటే చాలా ముందే మూసుకుపోతుంది. కాగితపు ఫిల్టర్‌ను కడగకూడదు, మారిస్తే మంచిది.

ఫిల్టర్ బాగున్నా పొగ తగ్గకపోతే టర్బో (గాలిని ఒత్తిడితో నెట్టేది) నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచేది), అక్కడి నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు హోస్‌లను చేత్తో వంచి, అడుగు భాగం కూడా చూడాలి. ఒక మిర్చి లోడు బండికి వేరే చోట పంపు దించి బిగించినా గుణం కనిపించలేదు. చివరికి చూస్తే హోస్ కింద, క్లిప్పు పక్కన, గోరంత చీలిక ఉంది. దాని చుట్టూ పట్టిన నూనె జిడ్డు మీద దుమ్ము నల్లగా పేరుకుని ఉంది. ఐడిల్‌లో టర్బో ఒత్తిడి నామమాత్రమే కనుక బండి నిలబెట్టి వింటే ఈ లీకు దొరకదు, లోడు మీదే బుస్సుమంటుంది. టేపు చుడితే వేడికి, జిడ్డుకు ఊడిపోతుంది కాబట్టి హోస్ మార్చడమే దారి. ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపేది) తెరుచుకుని మసితో బిగిసిపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది.

పొగ లేకుండా, రేజ్ చేసినప్పుడే చతికిలబడితే

డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు, నీరు చేరి ఉండవచ్చు. అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ విప్పి సీసాలోకి పట్టి కాసేపు ఉంచితే నీరు అడుగుకు దిగుతుంది. కొత్త ఫిల్టర్ వేశాక హ్యాండ్ పంపుతో గాలి తీయాలి. ఇంజన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపులు వదులు చేయడం పాత అలవాటు, కామన్ రైల్ ఇంజన్‌లో (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందేది) అలా చేయకూడదు. ఇక్కడ ఒత్తిడి వెయ్యి బార్‌లు దాటుతుంది, సన్నని డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

చెక్ ఇంజన్ దీపం వెలిగి ఉంటే సెన్సార్లు కొనే ముందు స్కానర్ పెట్టించాలి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండ్లలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్నవి దగ్గర ట్రిప్పులకే తిరిగితే మసి పేరుకుని శక్తి తగ్గించుకుంటాయి.

కమాన్ కట్టకు (వెనక స్ప్రింగు పట్టీల కట్టకు) అదనపు పట్టీ చేర్పించిన బండి అయితే

ఇక్కడ లాగుడుకంటే బ్రేకుల గురించి ఆలోచించాలి. చాలా పికప్‌లలో వెనక యాక్సిల్‌కు ఒక సన్నని కడ్డీతో కలిపిన లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటుంది. వెనక భాగం ఎంత కిందికి దిగిందో చూసి అది వెనక బ్రేకులకు ఒత్తిడి పంపుతుంది. అదనపు పట్టీతో బండి ఎత్తు పెరిగితే నిండు లోడున్నా బండి ఖాళీగా ఉందనుకుని ఒత్తిడి తగ్గిస్తుంది. ఆ పట్టీ తీయించడమే నా సలహా. ఉంచుకోవాలనుకున్నవారు ఘాట్ దిగేముందు ఆ వాల్వ్ కడ్డీని సరిచేయించి తీరాలి.