జైలు రాతలు చదవడం ఎలా? 3వ పాఠం: కథను దాటేయకండి

పోయిన పాఠంలో ఏ రాత చేతికొచ్చినా ముందు తేదీ చూడమన్నాను కదా, ఈసారి ఆ తేదీ పట్టుకునే లోపలికి వెళ్దాం. భగత్ సింగ్ రాసిన ‘నేను నాస్తికుణ్ణి ఎందుకయ్యాను’ వ్యాసం తీసుకోండి. తెలుగులో దొరుకుతుంది, చిన్నదే, ఒక్కసారి కూర్చుంటే అయిపోతుంది. కానీ ఈ పాఠానికి మాత్రం రెండుసార్లు చదవాలి, పెన్సిల్ చేతిలో పెట్టుకుని.

లాహోర్ సెంట్రల్ జైల్లో 1930 అక్టోబర్ 5, 6 తేదీల్లో రాశాడు దీన్ని. ఆయన కేసు విన్న ప్రత్యేక కోర్టు, అంటే ట్రిబ్యునల్, ఉరిశిక్ష చెప్పింది అక్టోబర్ 7న. తీర్పు ఏమిటో అందరికీ తెలిసిందే, వారం లోపల చెప్పేస్తారు అని వ్యాసంలో ఒకచోట అనేసి, ఇంకేదో విషయంలోకి వెళ్లిపోతాడు. అక్కడ ఒక నిమిషం ఆగండి. రాస్తున్నది ఇరవై మూడేళ్ల కుర్రాడు. మెడకి తాడు బిగించి కాళ్ల కింద చెక్క తీసేస్తే అంతటితో సరి, తర్వాత స్వర్గమూ లేదు మరో జన్మా లేదు అని అదే వ్యాసంలో రాసుకున్నాడు. ఇది తెలిసి చదవడం వేరు, తెలియక చదవడం వేరు.

మొదటిసారి చదివేటప్పుడు రెండే రెండు గుర్తులు పెట్టండి. ఊరు, నెల, సంవత్సరం, మనిషి కనిపిస్తే పక్కన ‘క’ అని రాయండి, అంటే కథ. ఎవరినో నిలదీస్తున్నట్టు ప్రశ్న కనిపిస్తే ‘వా’, అంటే వాదన. సగం దాకా దాదాపు అన్నీ ‘క’లే వస్తాయి, ఆ తర్వాత ‘వా’లు వరదలా వచ్చిపడతాయి. మనలో చాలామంది ఆ రెండో సగానికే ఎగబడతాం. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు డిబేట్ కోసం ఆ ప్రశ్నలన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కించుకుని మొదటి సగం వదిలేశాను. తప్పు చేశానని చాలా ఏళ్లకి గానీ తెలియలేదు, అందుకే ఈ పాఠమంతా ఆ మొదటి సగం మీదే నడుపుతున్నాను.

అసలు వ్యాసం ఎందుకు మొదలైందో చూడండి. దేవుణ్ణి నమ్మకపోవడానికి కారణం నీకున్న గర్వం, పేరొచ్చేసరికి తలకెక్కింది అన్నది స్నేహితుల అనుమానం. మీరైతే ఏం జవాబిస్తారు? నాకు గర్వం లేదు అంటే ఎవరూ నమ్మరు. అందుకే ఆయన తన బతుకునే సాక్ష్యంగా తెచ్చి ముందు పెట్టాడు. తాత గట్టి ఆర్యసమాజి, తను పెరిగింది ఆయన చేతుల్లో. లాహోర్ డీఏవీ స్కూల్ హాస్టల్లో ఏడాది పాటు ఉదయం, సాయంత్రం ప్రార్థనలు, అవి చాలక గంటల తరబడి గాయత్రీ మంత్రం. తర్వాత విప్లవ పార్టీ, అందులో దేవుణ్ణి నమ్మే నాయకులు. ఆ తర్వాత బాధ్యత తన మీద పడినప్పుడు, ఎదుటివాళ్ల వాదనలకి జవాబు చెప్పాలంటే చదవాలి, చదువు, చదువు అని తన మనసులో మోగిన సంగతి. 1926 చివరికల్లా నమ్మకం పూర్తిగా పోయిందంటాడు. ఢిల్లీ అసెంబ్లీలో బాంబు వేసింది 1929 ఏప్రిల్ 8న. అంటే దేశానికి తన పేరు తెలియడానికి రెండేళ్ల ముందే దేవుణ్ణి వదిలేశాడు. పేరు వల్ల గర్వం, గర్వం వల్ల నాస్తికత్వం అన్న ఆరోపణ ఆ ఒక్క తేదీతో పడిపోయింది. ఇక్కడ కథే వాదన చేస్తోంది. మీరు ‘క’ అని గుర్తు పెట్టిన చోట ఇప్పుడు ‘వా’ కూడా చేర్చండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. 1927 మే, లాహోర్. ఒక తోటలోంచి నడిచి వెళ్తుంటే పోలీసులు చుట్టుముట్టారు. మర్నాడు రైల్వే పోలీస్ లాకప్‌లో వేశారు, అక్కడే నెల రోజులు. కాకోరి కేసు (విప్లవకారులు రైల్లో ప్రభుత్వ సొమ్ము దోచిన కేసు) వాళ్ల గురించి చెప్పెయ్, వదిలేస్తాం, బహుమానం కూడా ఇస్తాం అన్నారు. నవ్వాడు. ఒకరోజు పొద్దున సీఐడీ పెద్ద అధికారి న్యూమన్ వచ్చి, ఎంతో జాలిగా మాట్లాడి, నువ్వు నోరు విప్పకపోతే ఉరి తప్పదు, దానికి సరిపడా ఆధారాలున్నాయి అన్నాడు. ఆ రోజు నుంచే కొందరు పోలీసులు రెండు పూటలా దేవుడికి దండం పెట్టుకోమని నచ్చజెప్పడం మొదలుపెట్టారు. దండం పెట్టుకోమని చెప్తున్నది ఎవరో గమనించారా? లొంగదీసుకోవాలని చూస్తున్నవాళ్లే. పందొమ్మిదేళ్ల కుర్రాడు ఆ గదిలో కూర్చుని, సుఖంగా ఉన్నప్పుడే నాస్తికుణ్ణా, ఇప్పుడు కూడానా అని తనని తాను అడుగుతాడు. చాలాసేపు ఆలోచించి, దండం పెట్టలేనని తేల్చుకుంటాడు. అదే అసలు పరీక్ష, అందులో నెగ్గాను అంటాడు. ఈ పేరా పైకి ఒకసారి చదవండి. గొంతు పెంచిన చోటు ఒక్కటీ ఉండదు.

రెండోసారి చదివేటప్పుడు ‘వా’ల మీద పడండి. ప్రతి ప్రశ్న ఎవరిని అడుగుతున్నాడో పక్కన రాయండి. పూర్వజన్మ పాపాల వల్లే ఈ కష్టాలు అనేవాళ్లని, పాపం చేసి పోయిన జన్మలో గాడిదగా పుట్టాను అని గుర్తున్నవాడు మీకెవరైనా తగిలాడా అని అడుగుతాడు. శిక్ష దేనికి, కక్ష తీర్చుకోడానికా, బాగుచెయ్యడానికా, భయపెట్టడానికా అని న్యాయశాస్త్రం తెచ్చి నిలదీస్తాడు. పేదగా పుట్టడమే అన్నిటికంటే పెద్ద పాపం అంటాడు. మతం మీద మొదలైన ప్రశ్న ఆస్తి మీదకి, అక్కడి నుంచి బ్రిటిష్ పాలన మీదకి ఎలా జారిందో గీత గీసి కలపండి. ఇక తను చదవలేకపోయిన సంగతి తనే ఒప్పుకుంటాడు, ప్రాచ్య తత్వశాస్త్రం చదవాలని ఉన్నా కుదరలేదని. అలాంటి చోట్ల చిన్న చుక్క పెట్టండి. రాసిన మనిషి మీద మీకెంత గౌరవం ఉన్నా ఆ చుక్కలు పెట్టాల్సిందే.

రెండుసార్లూ అయ్యాక 1930 అక్టోబర్ 4న ఆయన నాన్నకి రాసిన ఉత్తరం చదవండి. ఈ కేసుకి మూలమైన బ్రిటిష్ పోలీసు అధికారి సాండర్స్ హత్య రోజు తన కొడుకు లాహోర్‌లో లేడని కిషన్ సింగ్ ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టాడు. ఏ తండ్రయినా చేసే పనే. కొడుక్కి అది తెలిసి కోపంతో రాశాడు, ఇంకెవరైనా ఈ పని చేసుంటే ద్రోహం అనేవాణ్ణి, మీ విషయంలో బలహీనత అంటున్నాను అని. నాస్తికత్వం మీద వ్యాసం దీనికి మర్నాడే మొదలైంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే, లాకప్‌లో పోలీసుల మాట వినని కుర్రాడూ, మూడేళ్ల తర్వాత నాన్న చెయ్యి కూడా వద్దన్న మనిషీ ఒకే వరసలో కనిపిస్తారు. నాకైతే ఆ ఉత్తరం చదివిన ప్రతిసారీ ఆ తండ్రి గుర్తొచ్చి గుండె బరువెక్కుతుంది.

ఈ వారం అభ్యాసం: వ్యాసం చివర మళ్లీ ‘క’ వస్తుంది. చివరి రోజుల్లో నువ్వు నమ్మడం మొదలుపెడతావు అన్నాడు ఒక స్నేహితుడు. అన్ని వాదనలూ అయిపోయాక దాన్ని ఎందుకు చివర పెట్టాడో, మొదట్లో పెట్టుంటే ఏం పోయేదో మీ మాటల్లో పది వాక్యాలు రాయండి. వచ్చే పాఠానికి 1931 మార్చి 3న తమ్ముడు కుల్తార్‌కి రాసిన ఉత్తరం దగ్గర పెట్టుకోండి. అందులో వాదన ఉండదు, కాసిని ఉర్దూ షేర్లు, అంటే రెండు పాదాల కవితలు, ఉంటాయి.