ఇంటి వైఫైలోనే ఆగిపోయే ల్యాప్‌టాప్ – నాలుగో పాఠం: 41 అన్న అంకె

గత పాఠం చివర ఈవెంట్ వ్యూయర్ (విండోస్ తన సంగతులన్నీ రాసుకునే చిట్టా) తెరిచి, ఎర్ర గుర్తు ఉన్న వరుసను రాసుకోమని చెప్పాను. ఆ ఒక్క వాక్యం తెచ్చిన తంటా ఇంతా అంతా కాదు. దాదాపు అందరికీ కనిపించింది ఒకటే వరుస: కెర్నల్-పవర్, సంఖ్య 41. అందులో ‘పవర్’ అన్న మాట చూసి లోపం కరెంటుదేనని చాలామంది తేల్చేసుకున్నారు. విశాఖ గాజువాక పాఠకుడొకరు డాబాగార్డెన్స్ దాకా వెళ్ళి కొత్త బ్యాటరీ వేయించుకుని వచ్చారు. ఆ రాత్రే ఇంటి వైఫైకి కలిపిన పది నిమిషాలకు మళ్ళీ నీలి తెర, అంటే విండోస్ పని చేయలేక ఆగిపోయినప్పుడు చూపే తెర, వచ్చింది. తప్పు ఆయనది కాదు, సగం చెప్పి వదిలేసిన నాది. అందుచేత ఈ వారం రాయాలనుకున్న డీఎన్ఎస్ (సైటు పేర్లను నెట్ అడ్రసులుగా మార్చే ఏర్పాటు) సంగతి పక్కన పెడుతున్నాను.

యంత్రం సక్రమంగా మూతపడకుండా ఆగిపోయిందని, తిరిగి లేచాక విండోస్ తనకు తాను రాసుకునే గమనికే 41. ఊరినుంచి వచ్చేసరికి మీ తలుపు బార్లా తీసి ఉందని పక్కింటివారు చెప్పినట్టే. దొంగ ఎవరో ఆ మాటలో ఉండదు. కరెంటు అందకపోయినా, పవర్ బొత్తాన్ని మీరే నొక్కిపట్టి ఆపినా, డ్రైవర్ (ఒక పరికరాన్ని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్) తప్పు చేసి నీలి తెర వచ్చినా ఇదే 41 పడుతుంది. వీటిని విడదీసి చెప్పేది, ఆ వరుస మీద నొక్కితే ‘డీటెయిల్స్’ కింద కనిపించే ‘బగ్‌చెక్‌కోడ్’. అక్కడ సున్నా ఉంటే కారణం రాసుకునే వ్యవధి కూడా విండోస్‌కు దొరకలేదన్నమాట. అప్పుడు బ్యాటరీనో, ఛార్జర్‌నో, వేడినో అనుమానించవచ్చు. సున్నా కాని అంకె ఉంటే అది నీలి తెర సంకేతమే, కాకపోతే మామూలు దశాంశ లెక్కలో ఉంటుంది. మైక్రోసాఫ్ట్ సంకేతాల జాబితాలో అది పదహారు లెక్కలో, అంటే 9 తరువాత ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు వాడే లెక్కలో ఉంటుంది. అక్కడ ‘డీ1’ అని ఉన్నది ఇక్కడ 209 అవుతుంది, ఎందుకంటే డీ అంటే 13, పదమూడు పదహార్లు 208, దానికి ఒకటి. అలాగే ‘9ఎఫ్’ అన్నది 159. డీ1 వస్తే, ఏదో డ్రైవర్ ఆ క్షణంలో ముట్టుకోకూడని మెమరీని ముట్టుకుందని అర్థం. 9ఎఫ్ వస్తే, నిద్రలోకి వెళ్ళేటప్పుడో లేచేటప్పుడో ఏదో డ్రైవర్ బదులు పలకలేదని అర్థం. నీలి తెర కింద ‘ఎస్‌వైఎస్’తో ముగిసే ఫైలు పేరు కనిపిస్తే ఫోనుతో ఫొటో తీయండి, అది క్షణాల్లో మాయమవుతుంది.

ఆఫీసులో రోజంతా నడిచే ల్యాప్‌టాప్ ఇంట్లోనే ఎందుకు పడిపోతుందన్నది మీ అసలు ప్రశ్న. ఇంట్లోని కొత్త రూటర్ 5 గిగాహెర్ట్జ్ అనే రేడియో పట్టీలో, వైఫై 6 అనే కొత్త పద్ధతిలో మాట్లాడుతుంటే, ఆఫీసు పాత రూటర్ ఎన్నడూ కదపని డ్రైవర్ భాగం ఇంట్లో పని చేయవలసి వస్తుంది. లోపం ఆ భాగంలో ఉంటే ఇంట్లోనే బయటపడుతుంది. అలాంటప్పుడు నెట్ కంపెనీతో తగవు పెట్టుకుని లాభం లేదు.

డ్రైవర్‌ను ల్యాప్‌టాప్ తయారీదారు సైటులో మీ మోడల్ నంబరుతో వెతికి, ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి దాని నెట్ ద్వారా దించుకోండి. డ్రైవర్లన్నీ తామే సరిచేస్తామనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను నేను ఇంట్లోకి రానివ్వను. కొత్త డ్రైవర్ వేశాకే జబ్బు మొదలైతే, డివైస్ మేనేజర్‌లో ‘రోల్ బ్యాక్’ నొక్కితే చాలు.

మరొక మాట. ముందు పాఠాల్లో రూటర్‌ను ఆపి మళ్ళీ వేయమన్నానే గాని, వెనక రీసెట్ రంధ్రంలో సూది గుచ్చమనలేదు. అలా గుచ్చితే కనెక్షన్ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోయి కేబుల్ అబ్బాయి కోసం ఎదురుచూడవలసి వస్తుంది. మద్దిలపాలెంలో ఒకరు రెండు రోజులు అలాగే కూర్చున్నారు.

అభ్యాసం నాలుగు సాయంత్రాలు, రోజూ రెండు గంటలు, అదే బల్ల, అదే ఛార్జర్. మొదటి రోజు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పని చేయండి. రెండో రోజు వైఫై ఆపి ల్యాన్ తీగతో. సముద్రం దగ్గరి ఇళ్ళలో ఉప్పుగాలికి పాత తీగల పిన్నులు పాడవుతాయి గనుక కొత్త తీగ కొనండి. మూడో రోజు వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ, నాలుగో రోజు 5. ఆగిన ప్రతిసారీ సమయం, బగ్‌చెక్‌కోడ్ అంకె నోట్‌బుక్‌లో రాయండి. ఒకే రోజు రెండు మార్పులు చేసినవారు మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి.